పక్షి పద్దు

కృష్ణా డెల్టా దిగువన ఏ చేపల చెరువు గట్టు మీద నిలబడి అడిగినా, పక్షుల నష్టం గురించి ఒక అంకె వెంటనే వస్తుంది. పదో వంతు పోయిందంటారు ఒకరు. పావు వంతంటారు ఇంకొకరు. సగం చేపపిల్లని కొంగలే మింగేశాయని ఒట్టేసి చెప్పేవాళ్లూ ఉన్నారు. పక్షుల్ని ప్రేమించేవాళ్లని అడిగితే, "అది తినేదెంతండీ, దోసెడు" అంటారు. ఆ దోసెడుకూ ఈ సగానికీ మధ్య అసలు లెక్క ఎక్కడుందో చూడాలని ఈ చలికాలం శ్రీకాకుళం నుంచి ఆటపాక దాకా తిరిగాను. తోడుగా జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్ మిత్రుడు వచ్చాడు. దారి పొడవునా అందరూ అతన్ని మాస్టారనే పిలిచారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

ఈ శ్రీకాకుళం ఉత్తరాంధ్ర జిల్లా కేంద్రం కాదు. ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున, ఆంధ్రమహావిష్ణువు కొలువున్న ఊరు. కళింగం మీదికి దండెత్తి వెళ్తూ ఇక్కడ ఆగిన కృష్ణదేవరాయలకు స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని రాయలే ఆముక్తమాల్యద మొదట్లో చెప్పుకున్నాడు. గుడి ముందు నిలబడితే నాకు ఆ కావ్యంలోని బాతులు గుర్తొచ్చాయి. విల్లిపుత్తూరు పొలం కాలవల్లో తలలు రెక్కల్లో దూర్చుకుని నిద్రపోతున్న బాతుల్ని చూసి, తెల్లవారుజామున స్నానం చేసిన బ్రాహ్మలు మరిచిపోయిన బట్టల ఉండలనుకుని కావలివాళ్లు తీసివ్వబోతారు. బాతులు లేచి పరుగెడతాయి. చేను కాసే ఆడపిల్లలు నవ్వుతారు. అయిదు వందల ఏళ్ల కిందటి ఆ చూపు ఎంత నిజమైనదో మర్నాడు తెల్లవారుజామున అర్థమైంది. పక్షుల్ని లెక్కపెట్టాల్సిన వేళ అదే. ఆ వేళ మంచులో, మసక వెలుగులో దూరంగా కనిపించే తెల్లటి ముద్ద కొంగో, మేత సంచో, గట్టుకి కొట్టుకొచ్చిన థర్మోకోల్ ముక్కో చెప్పడం ఎంత అలవాటున్న కంటికైనా కష్టం.

ఊరి చుట్టూ వరి కోతలైపోయి మాగాణి మినుము పచ్చగా పరుచుకుని ఉంది. కాలవ అంచున మట్టిరంగులో కలిసిపోయి గుడ్డికొంగలు, తడిమడిలో చిన్న తెల్లకొంగలు. ఇక్కడ వాటిమీద ఎవరికీ ఫిర్యాదు లేదు. పురుగునీ కప్పనీ తింటాయి కనక రైతు వాటిని తన మనుషులుగానే చూస్తాడు. అదే పక్షి ఇంకో మండలంలో చెరువు గట్టు మీద వాలితే దొంగ.

కరకట్ట మీద నడుస్తూ మాస్టారు ఒక కొంగని చూపించాడు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తోంది. నత్తగుల్ల కొంగ. ఆ సందున్న ముక్కుతో నత్తల్ని ఒడుపుగా పట్టి గుల్లలోంచి మాంసం లాగుతుంది. దాని ప్రధాన ఆహారం నత్తే. చెరువుల దగ్గర ఇదీ గుంపులుగా దిగుతుంది, ఆకారం చూస్తే చేపలు మింగేదానిలాగే ఉంటుంది, రైతులు బెదరగొట్టడానికి పేల్చే టపాకాయల దెబ్బ దీనికీ తగులుతుంది. "ముందు ఎవరెవరు వచ్చారో పేర్లు రాసుకోవాలి. అందర్నీ కలిపి కొంగలు అని రాస్తే లెక్క అక్కడే చెడుతుంది" అన్నాడాయన.

చల్లపల్లి మీదుగా దివిసీమలోకి దిగాం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పేరు ఇప్పటికీ పెద్దవాళ్లందరి నోటా వినిపించే నేల ఇది. అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు వెళ్లేకొద్దీ వరి తగ్గి రొయ్యల చెరువులు పెరుగుతాయి. ఇక్కడ పక్షి మీద కోపానికి కారణం వేరు. చెరువు మీద అడ్డంగా దారాలు లాగి ఉన్నాయి, గట్టు చుట్టూ మోకాలెత్తు ప్లాస్టిక్ పట్టా. పైన దారాలు బర్డ్ ఫెన్సింగ్, కింద పట్టా క్రాబ్ ఫెన్సింగ్ అంటారు. ఒక వన్నామీ రొయ్యల రైతు మాకు విడమరిచి చెప్పాడు: "అది తినే పది రొయ్యల గురించి కాదండి నా బాధ. తెల్లమచ్చ వచ్చిన చెరువులో నీరసంగా పైకి తేలిన రొయ్యని ముక్కున పట్టుకుని ఎగురుతూ నా చెరువులో జారవిడిస్తే, నా పంట పోయినట్టే." జబ్బు మోసే నష్టాన్ని తిండి నష్టంతో కలపకూడదు. అది రోజువారీ తరుగు కాదు, ఎప్పుడో ఒకసారి వచ్చి మొత్తం ఊడ్చుకుపోయే ప్రమాదం. దాన్ని శాతంలో చెప్పడం ఆ రైతుకీ అన్యాయమే. రొయ్య సంగతి అక్కడ వదిలేసి చేప వైపు తిరిగాను.

మచిలీపట్నంలో ఎక్కువసేపు ఆగలేదు. గిలకలదిండి హార్బరులో గరుడ పక్షులు పడవల చుట్టూ తిరిగి, జాలర్లు పారేసే చిన్న చేపల్ని ఎత్తుకుపోతుంటే ఎవరూ తలెత్తి చూడరు. పెడన, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ చేరి, అక్కడినుంచి నందివాడ మండలంలోకి వెళ్లాం.

ఇక్కడ భూమి కన్నా నీళ్లే ఎక్కువ కనిపిస్తాయి. ఒకప్పటి వరిచేలు చెరువులయ్యాయి. ఒక్కొక్కటి పది ఎకరాలు, ఇరవై ఎకరాలు, కొన్ని ఇంకా పెద్దవి. నీళ్లలో వరసగా పాతిన కర్రలకు తవుడు సంచులు వేలాడుతుంటాయి. అడుగున చిల్లులుంటాయి. చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. ప్రతి కర్ర మీదా ఒక నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ ఉంటుంది. మేత కోసం చేప సంచి దగ్గరికి వస్తుంది, చేప కోసం పక్షి ఆ కర్ర మీదికి వస్తుంది. దేశంలో చెరువు చేపల పెంపకానికి ఆంధ్ర పెట్టింది పేరు. ఇక్కడి శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం దాకా వెళ్తాయి.

ఇరవై ఎకరాలు లీజుకి తీసుకున్న ఒక నడివయసు రైతు మమ్మల్ని షెడ్డులో కూర్చోబెట్టి తన పద్దు పుస్తకం తెచ్చాడు. పిల్ల కొనుగోలు, తవుడు, చెక్క, మందులు, డీజిలు, కరెంటు, జీతాలు, అన్నీ తేదీలతో ఉన్నాయి. చివర పట్టుబడి రోజు లెక్క. వేసిన పిల్లలోంచి పట్టిన చేపను తీసేసి, మిగిలిన తేడా ఎదురుగా ఒకే మాట రాశాడు: పక్షి.

మాస్టారు ఆ పేజీని చాలాసేపు చూశాడు. "పిల్ల దిగినరోజు లెక్క ఎవరు కట్టారండీ?" అని అడిగాడు.

"పిల్ల తెచ్చినాయనే. గిన్నెతో ముంచి పోశారు. మొదటి గిన్నె లెక్కపెట్టి, మిగతావి గిన్నెల లెక్కే."

"దింపాక మొదటి వారం ఎన్ని చచ్చాయి?"

"తేలినవి తీసేశాం. ములిగినవి ఎవరికి తెలుస్తాయి?"

తర్వాత ప్రశ్నలు వరసగా వచ్చాయి. వానాకాలం మబ్బు పట్టిన రాత్రుల్లో ప్రాణవాయువు తగ్గి చేప పైకి తేలిందా? పేను పట్టిందా? చెరువు పూర్తిగా ఎండగట్టకుండా నింపితే లోపల కొర్రమీను మిగిలి ఉంటుంది కదా? నీటికుక్కలు వస్తాయా? రాత్రి వల వేసి పట్టుకుపోయిన సంగతులున్నాయా? తూము జాలీ చిరిగిందా? ఒక్కొక్కదానికీ ఆ రైతు నిజాయితీగా సమాధానం చెప్పాడు. తేలింది, పట్టింది, వచ్చాయి, ఉన్నాయి. చెబుతున్నకొద్దీ ఆయన ముఖంలో చిరాకు కన్నా ఆలోచన ఎక్కువైంది. చివరికి, "అయితే ఇవన్నీ నేను పక్షి మీదే రాశానంటారా?" అన్నాడు.

ఆ మాట ఆయన అడిగిన తీరు నాకు నచ్చింది. పక్షి కనిపించే నష్టం. నీటి అడుగున జరిగేదేదీ కనిపించదు. కాపలా కుర్రాడు రోజంతా చూసేది నీటికాకి మునగడం, మెడ వంచి చేపను గొంతులోకి జార్చుకోవడం. అందుకే కనపడని చావులన్నీ కనిపించే పక్షి ఖాతాలో జమవుతాయి. దీనిలో మోసం లేదు, కానీ లెక్కా లేదు. మరి ఆ తేడా అంతా పక్షిది కాదని చెప్పినంత మాత్రాన పక్షిది సున్నా అయిపోదు.

షెడ్డులోనే, ఆ పుస్తకం వెనక పేజీలోనే, మాస్టారు ఇంకో లెక్క రాయడం మొదలుపెట్టాడు. చిన్న నీటికాకి అరకిలో దగ్గర బరువుండే పక్షి. ఆ సైజు చేపలు తినే పక్షి రోజుకు తన బరువులో ఆరో వంతు, అయిదో వంతు దాకా తింటుందని లెక్కేస్తారు. 80 గ్రాములనుకుందాం. చిన్నపిల్లని పెంచే రెండెకరాల నర్సరీ చెరువులో లక్ష పిల్ల, పిల్ల సగటున 10 గ్రాములు. నలభై నీటికాకులు రోజూ వచ్చి కడుపు మొత్తం అక్కడే నింపుకుంటే రోజుకు 3,200 గ్రాములు, అంటే 320 పిల్లలు. నెలకు 9,600. లక్షలో దాదాపు పదో వంతు, ఒక్క నెలలో!

రైతు తలెత్తి, "చూశారా మరి" అన్నాడు.

"ఉండండి" అని మాస్టారు పేజీ తిప్పాడు. అవే నలభై నీటికాకులు ఈ ఇరవై ఎకరాల పెంపకం చెరువుకొస్తే? ఇక్కడ వేసింది ఏడాది పెంచిన పిల్ల, ఒక్కొక్కటి 150 గ్రాములు. దాన్ని చిన్న నీటికాకి మింగలేదు. మరి మునిగి ఏం తెస్తోంది? కాలవ నీళ్లతో పాటు వచ్చి చెరువులో పెరిగే, ధర పలకని చిన్న చేపల్ని. ఆ చేపలు మీ తవుడే తింటున్నాయి. కాబట్టి ఈ చెరువులో ఆ నలభై పక్షుల వల్ల నష్టం సున్నాకి దగ్గర, కొంచెం లాభం కూడా ఉండొచ్చు. ఒకే పక్షి, ఒకే సంఖ్య, ఒకే ఆకలి. చెరువు మారితే పదో వంతు నుంచి సున్నాకి వచ్చింది.

ఈ ప్రయాణంలో నాకు అన్నింటికన్నా గట్టిగా నాటుకున్నది ఇదే. మన చర్చంతా పక్షి ఎంత తింటుందన్న దాని మీదే నడుస్తోంది. అడగాల్సింది ఏ పక్షి, ఏ చెరువులో, ఏ సైజు పిల్లని తింటోందని. నర్సరీలకూ పెంపకం చెరువులకూ కలిపి ఒకే శాతం చెప్పడమంటే నిజంగా మునిగిపోతున్న నర్సరీ రైతు బాధని తగ్గించి చెప్పడం, పెంపకం రైతు బాధని పెంచి చెప్పడం.

గూడబాతు సంగతి వేరు. పత్రికల్లో పెలికాన్ అని రాసే ఈ పక్షి నాలుగు నుంచి ఆరు కిలోలుంటుంది. రోజుకు కిలో చేప దాకా తింటుంది. దాని సంచి ముక్కులో 150 గ్రాముల శీలావతి సులువుగా పడుతుంది. పదిహేను గూడబాతులు పది రోజులపాటు ఆ ఇరవై ఎకరాల్లోనే తింటే 150 కిలోలు, అంటే వెయ్యి చేపలు. ఎకరానికి రెండు వేల చొప్పున వేసిన నలభై వేలలో అది నూటికి రెండున్నర.

ఇక్కడ రైతుకీ మాస్టారుకీ అసలైన వాదన జరిగింది. "వెయ్యి చేపలంటే పట్టుబడినాటికి ఒక్కోటి కిలోన్నర. టన్నున్నర పోయింది నాకు" అన్నాడు రైతు. "పక్షి తిన్నది 150 కిలోలే కదా" అన్నాడు మాస్టారు. రెండు అంకెల మధ్య పది రెట్లు తేడా. ఎవరిది నిజం? పక్షి తిన్న చేప పట్టుబడి దాకా బతికి ఉంటే కిలోన్నర అయ్యేదన్నది సబబే. కానీ ఆ చేప తినకుండా మిగిల్చిన తవుడు మిగతా చేపలకు దక్కింది, చోటూ దక్కింది. అవి కాస్త ఎక్కువ పెరుగుతాయి. పైగా ఆ వెయ్యిలో కొన్ని పేనుకో, మబ్బు రాత్రికో ఎలాగూ పోయేవి. కాబట్టి నష్టం టన్నున్నర కన్నా తక్కువ, 150 కిలోల కన్నా ఎక్కువ. ఎంత అన్నది ఊహించి చెప్పేది కాదు, చెరువులో పరీక్షించి తేల్చేది.

అమెరికాలో మిసిసిపీ డెల్టా క్యాట్‌ఫిష్ రైతులకీ నీటికాకులకీ మధ్య దశాబ్దాలుగా ఇదే తగువు. అక్కడ వ్యవసాయ శాఖ వన్యప్రాణి పరిశోధకులు గట్ల మీద మాటు వేసి, ఒక పక్షి గంటకు ఎన్ని చేపలు తీస్తోందో లెక్కపెట్టారు. పక్షి ఒంటికి రోజుకు ఎంత శక్తి కావాలో, అందుకు ఎంత చేప తినాలో గణితం కట్టారు. అంతటితో ఆగక, చెరువుని వలతో రెండుగా విడదీసి ఒక పక్క నీటికాకులను ఉంచి, రెండో పక్క పక్షి సోకకుండా పెంచి పట్టుబడులు పోల్చారు. పక్షి తీసుకున్న శాతమంతా దిగుబడిలో నష్టంగా కనిపించలేదు. మిగిలిన చేపలు పెరిగి కొంత పూడ్చాయి. పూర్తిగా మాత్రం పూడ్చలేకపోయాయి. పెద్ద కొంగల మీద చేసిన పరిశీలనల్లో అవి ఏరుకున్న వాటిలో జబ్బుపడి పైన తేలుతున్న చేపలు చాలా ఉన్నాయని తేలింది. నందివాడ గట్ల మీదా అదే చూశాం. తెల్లవారే ముందు ప్రాణవాయువు అడుగంటే వేళ నారాయణ పక్షి గట్టువారన నిలబడేది పైకొచ్చి నోరు తెరిచే చేప కోసమే. ఆ చేప బతుకుతుందో లేదో ఎయిరేటర్ మీద ఆధారపడి ఉంటుంది, కొంగ మీద కాదు.

నందివాడలోనే ఇంకో చిక్కు ఎదురైంది. ఆ సాయంత్రం వరసగా అయిదు చెరువుల దగ్గర ఆగి అడిగాం. అందరూ రెండు వందల గూడబాతులు దిగాయన్నారు. అందరూ నిజమే చెప్పారు. కానీ అది ఒకే గుంపు. ఒక గట్టు మీద టపాకాయ పేలితే పక్క చెరువుకి, అక్కడ డబ్బా వాయిస్తే ఆ పక్క చెరువుకి లేచి వెళ్లిన గుంపు. అయిదుగురి లెక్కలు కూడితే వెయ్యి గూడబాతులవుతాయి. జిల్లా మొత్తానికి అంకె కావాలంటే ఇలా కూడడం కుదరదు. ఒకే ఉదయం, ఒకే గంటలో, చాలామంది చాలా గట్ల మీద నిలబడి ఏకకాలంలో లెక్కపెట్టాలి. లేదా సాయంత్రం అవన్నీ చేరే చోటికి వెళ్లి లెక్కపెట్టాలి.

ఆ చోటు కోసమే గుడివాడలో రైలెక్కి కైకలూరులో దిగాం. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. పక్షులకూ చేపల లారీలకూ ఆ గీతతో పనిలేదు. ఊరి పక్కనే ఆటపాక. కొల్లేరు అభయారణ్యంలో గూడబాతులు గూళ్లు కట్టే చోటు. నీళ్లలో చెట్లు తగ్గిపోయాక అటవీ శాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. వాటి అంతస్తుల మీద పుల్లలు పేర్చి గూళ్లు కట్టుకుని, బూడిద రంగు గూడబాతులు, పక్కపక్కనే ఎర్రకాళ్ల కొంగలు, కింద నీటికాకులు. పడవలో దగ్గరికి వెళ్తే పిల్లల అరుపులతో చెవులు గింగురుమంటాయి. తల్లి సంచి ముక్కు తెరిచి నిలబడితే, పిల్ల తలంతా అందులో దూర్చి లోపలినుంచి చేప లాక్కుంటుంది. అంత ఆత్రంగా తినడం నేనెక్కడా చూడలేదు.

గూడబాతుకి తెలుగునేల పాత ఇల్లు. 1902లో కడప జిల్లా బుచ్చుపల్లె దగ్గర వీటి గూళ్లు ఒక దొరకి కనిపించాయి. ఆ తర్వాత చాలాకాలం ఆనవాలు దొరకలేదు. 1946లో పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమగోదావరిలోని ఆరేడు గ్రామంలో మళ్లీ పెద్ద గూళ్ల సముదాయాన్ని చూసి లోకానికి చెప్పాడు. ప్రపంచంలో దక్షిణాసియాలోనూ ఆగ్నేయాసియాలో కొన్నిచోట్లా తప్ప ఎక్కడా లేని పక్షి. ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా దాన్ని లెక్కిస్తారు.

ఇక్కడ కొల్లేరు సంగతి చెప్పకుండా లెక్క పూర్తికాదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చి చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయే ఈ పల్లపు నేల వానాకాలం సరస్సు, ఎండాకాలం మేతబీడు. ఈ లోతులేని నీళ్లే పక్షుల మేతచోటు. డెబ్బయ్యో దశకంలో సహకార సంఘాలతో చేపల చెరువులు మొదలయ్యాయి. తర్వాత పెట్టుబడిదారులొచ్చారు, గట్లు సరస్సు లోపలికి నడిచాయి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి గట్లు కొట్టేశారు. దానివల్ల బతుకుతెరువు పోయిన లంక గ్రామాల వాళ్ల గోడు ఇంకా ఆగలేదు. ఆ గోడు న్యాయమైనదే. పక్షి వైపు నుంచి చూస్తే మాత్రం, దాని సొంత మేతచోటు చెరువులుగా మారింది. ఎర్రకాళ్ల కొంగ జానెడు లోతు నీళ్లలో ముక్కు పెట్టి తడుముకునే పక్షి. ఆరడుగుల చెరువులో దానికి పని లేదు. పట్టుబడికి నీళ్లు తోడినప్పుడే దిగి, అడుగున మిగిలినవి ఏరుకుంటుంది. కొల్లేట్లో లోతులేని నీళ్లు ఎంత తగ్గితే గూడబాతు, నీటికాకి నర్సరీల మీద అంతగా పడతాయి. రైతుల నష్టం అంచనా వేసేవాళ్లు ఆ ఏడు కొల్లేట్లో నీళ్లెంతున్నాయన్నది కూడా పక్కన రాసుకోవాలి.

లెక్కకు ఆధారాలు ఆటపాకలో గూళ్ల కిందే పడి ఉంటాయి. కంగారుపడిన పిల్లలు మింగిన చేపను కక్కేస్తాయి. నీటికాకులు జీర్ణం కాని ఎముకల్ని ఉండలుగా ఉమ్మేస్తాయి. ఆ ఉండల్లో చేప చెవి లోపలి చిన్న రాళ్లు దొరుకుతాయి. వాటి ఆకారం చూసి అది ఏ చేపో, సైజు చూసి ఆ చేప ఎంత పొడవుందో చెప్పొచ్చు. శీలావతి, బొచ్చె ఎంత, కొల్లేటి సహజ చేప ఎంత, ఎవరూ పెంచని చిన్న చేప ఎంత అన్నది ఇలాగే తేలుతుంది. ఒకప్పుడు ఇతర దేశాల్లో పక్షిని కాల్చి కడుపు కోసి చూసేవాళ్లు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది. అది లేకపోయినా, గూటికింద ఓపిగ్గా ఏరుకుంటే తెలిసే సంగతి కోసం ప్రాణం తీయడం అక్కర్లేదు.

మండవల్లి వైపు వెనక్కి వస్తూ చివరగా ఒక నర్సరీ దగ్గర ఆగాం. గట్టు దగ్గర పలచటి నైలాన్ వల వదులుగా కప్పి ఉంది. అందులో రెండు నీటికాకులు చిక్కుకుని ఎండిపోయి ఉన్నాయి. నర్సరీ రైతు వయసులో కుర్రాడు. వాటిని చూపించి తలదించుకున్నాడు. "చంపాలని కాదు సార్. పిల్ల ఖరీదు అప్పు తెచ్చి పెట్టాను" అన్నాడు. అతని మాట నేను నమ్మాను. మాస్టారు అతనికి చేతనైనంత చెప్పాడు. వల వెయ్యాలంటే లావు దారంతో, పక్షి కంటికి కనిపించేలా, నీటికి ఎత్తుగా బిగించి కట్టాలి. వదులుగా వేస్తే చిక్కుకుంటాయి. పెంపకం చెరువులకు వల అక్కర్లేదు. గూడబాతు నీటి మీద పరుగెత్తి గానీ లేవలేదు కనక, దూరదూరంగా లాగిన తాళ్లున్నా దిగడానికి జంకుతుంది. టపాకాయ కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత పక్షి దానికి అలవాటు పడుతుంది. పనిచేసినన్నాళ్లూ చేసేది గుంపుని పక్కవాడి మీదికి తోలడమే. ఇజ్రాయెల్లో వలస వెళ్లే గూడబాతుల కోసం ప్రభుత్వమే ఒక జలాశయంలో చేపలు వదిలి, చేపల రైతుల చెరువుల మీద పడకుండా చూసింది. కొల్లేట్లో చేపలు వదలాల్సిన పని కూడా లేదు. నీళ్లు నిలిచి, మురుగు తగ్గితే సహజ చేప తానే పెరుగుతుంది.

ఆ కుర్రాడు మా మాటలన్నీ విని, తనే ఒక ఆలోచన చెప్పాడు. అతనికి రెండు నర్సరీలున్నాయి, ఒకే సైజు, ఒకే కాలవ నీళ్లు. ఒకదానికి వల బిగించి కట్టి, రెండోదాన్ని వదిలేసి, రెండింట్లోనూ ఒకే లాటు పిల్లని మనిషిని పెట్టి లెక్కపెట్టి దింపితే? పదిహేను రోజులకోసారి వల లాగి, తూకం వేసి, చివర రెండూ పూర్తిగా పట్టి లెక్కపెడితే? "తేడా అంతా పక్షిదే అవుతుంది కదా సార్?"

అవుతుంది. ఇంత సేపూ నేను వెతుకుతున్నది అదే. పేను రెండింటికీ పడుతుంది, మబ్బు రెండింటికీ పడుతుంది, గిన్నె లెక్క తప్పు ఉండదు. రోజూ తెల్లవారుజామున ఏ పక్షి ఎన్ని వచ్చాయో రాసుకుంటే, పక్షికి ఇంత అన్న అంకె కూడా వస్తుంది. రెండు చెరువులతో తేలదు, పదో ఇరవయ్యో జతలు కావాలి. కానీ మొదలు అదే.

"రెండోది వదిలేస్తే దాంట్లో పోయే పిల్ల ఎవరిస్తారు?" అని అతనే అడిగాడు. అప్పులో ఉన్న కుర్రాణ్ని లోకం కోసం ఒక చెరువు పక్షులకు వదిలెయ్యమని నేను చెప్పలేకపోయాను. ఆ పిల్ల ఖరీదు ఇవ్వాల్సింది ప్రభుత్వం. మత్స్యశాఖ రైతుల వైపు, అటవీ శాఖ పక్షుల వైపు నిలబడి ఎవరి అంకె వాళ్లు చెబుతూ ఉంటే ఇది తేలేది కాదు. రెండూ కలిసి, కైకలూరు, మండవల్లి, నందివాడల్లో నర్సరీ రైతుల నుంచి ఒప్పుకున్నవాళ్ల చెరువుల్ని ఒక సీజను తీసుకుని, వదిలేసిన చెరువు నష్టాన్ని ముందే కట్టివ్వాలి. విజయవాడలో మంచినీటి చేపల పరిశోధనకు కేంద్ర సంస్థ శాఖ ఉంది. ఊళ్లలో జంతుశాస్త్రం చదివే పిల్లలున్నారు, తెల్లవారుజామున గట్టు మీద నిలబడి లెక్కపెట్టడానికి. మాస్టారు ఆ కుర్రాడి ఫోన్ నంబరు రాసుకుని, పిల్ల దింపే రోజు ముందుగా చెప్పమన్నాడు. వల లేని చెరువు గురించి ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలో ఇద్దరూ గట్టు మీదే నిలబడి మాట్లాడుకుంటున్నారు.